ఐదు టాబ్‌లు కొనే ముందు: నాలుగు, ఐదు తరగతుల సైన్సుకు ఏఆర్ పనికొస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. నాలుగు, ఐదు తరగతులు కలిపి 28 మంది పిల్లలు, పాఠశాల మొత్తానికి ఇద్దరు ఉపాధ్యాయులు. ఊరి నుంచి వెళ్లి స్థిరపడిన పూర్వ విద్యార్థి ఒకరు ఐదు టాబ్‌లు కొనిస్తానన్నారు. పరిసరాల విజ్ఞానం పీరియడులో పిల్లలు ఆవులిస్తున్నారు కాబట్టి ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్, అంటే ఫోను కెమెరాలో కనిపించే గదిలోనే అక్కడ లేని వస్తువు బొమ్మను నిలబెట్టడం) చూపిస్తే ఆసక్తి పెరుగుతుందా, ఏ యాప్‌లు వాడాలి, అంత డబ్బు పెట్టించడం సబబేనా అని అడిగారు.

సూటిగా చెబుతాను. పెరుగుతుంది, కానీ దానంతట అది నిలవదు. బల్ల మీద బొమ్మ లేచి నిలబడగానే తరగతంతా "ఓ!" అంటుంది. ఆ "ఓ" ఆయుష్షు నా అనుభవంలో మూడు పీరియడ్లు. నాలుగోసారి "ఇంకా ఏమున్నాయి టీచర్?" అని అడుగుతారు. ఆ మూడు పీరియడ్లలోపు పిల్లల చేతికి తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి అందితే ఆసక్తి సైన్సు మీదకు మళ్లుతుంది, అందకపోతే టాబ్ మీదే ఆగిపోతుంది. నేను నెలకు రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు దాటకుండా వాడతాను. అందుకు ఐదు టాబ్‌లు అక్కర్లేదు. రెండు మంచివి చాలు. మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో కింద చెప్పాను.

నేను పంతొమ్మిదేళ్లుగా ప్రాథమిక తరగతులకే చెబుతున్నాను. అందులో ఆరేళ్లు ఏకోపాధ్యాయ పాఠశాలలో. తరగతిలో ఏఆర్ వాడకం మొదలుపెట్టి కూడా ఆరేళ్లు దాటింది. సాంకేతిక నిపుణురాలిని కాను. ఇందులో చేయదగిన పొరపాట్లన్నీ ఓపికగా ఒక్కొక్కటే చేసినదాన్ని.

ముందు ఒక చిన్న గందరగోళం తీర్చుకుందాం. "మన పాఠ్యపుస్తకాల్లోనే ఏఆర్ ఉంది కదా" అని స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో, అంటే చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే చోట, తరచు వింటుంటాను. పుస్తకంలో ఉన్నది క్యూఆర్ కోడ్. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షతో స్కాన్ చేస్తే వీడియోనో, అభ్యాసపత్రమో తెరుచుకుంటుంది. అది ఉపయోగపడేదే కానీ ఏఆర్ కాదు. ఏఆర్‌లో కెమెరాకు కనిపించే మీ గది, మీ బల్ల, మీ పిల్లలు అలాగే ఉంటారు, వాటి మధ్య లేని వస్తువు ఒకటి వచ్చి కూర్చుంటుంది. 2016లో పోకెమాన్ గో ఆటతో ఇది వీధుల్లోకి వచ్చింది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో గూగుల్‌లో వెతికి హాల్లో పులిని నిలబెట్టి, పక్కన పిల్లలను కూర్చోబెట్టి ఫొటోలు తీసుకున్నారే, అదే ఇది. వీడియోకూ దీనికీ అసలు తేడా ఒక్కటే. ఇక్కడ పిల్లవాడు వస్తువు చుట్టూ తిరగగలడు, వంగి కింది నుంచి చూడగలడు, వెనక్కి వెళ్లి చూడగలడు. ఆ తిరగడం అవసరం లేని పాఠానికి గోడ మీది చార్టు చాలు.

నా మొదటి పాఠం ఎలా చెడిందంటే

ఐదో తరగతి, 34 మంది, ఒకే ఫోను. అది నా సొంత ఫోను. పాఠం రక్తప్రసరణ. గుండెను బల్ల మీద నిలబెట్టాను. అది లబ్‌డబ్ అంటూ కొట్టుకుంటుంటే పిల్లలు బెంచీలెక్కారు. పక్క తరగతి పిల్లలు కిటికీకి వేలాడారు. ప్రధానోపాధ్యాయులు వచ్చి చూసి, ఆయన కూడా రెండు నిమిషాలు నిలబడిపోయారు. ఆ రోజు ఇంటికి వెళ్తూ నన్ను నేనే మెచ్చుకున్నాను.

వారం తర్వాత "గుండె గురించి ఏం గుర్తుంది?" అని అడిగాను. ఎర్రగా ఉంది. తిరిగింది. టీచర్ ఫోను వేడెక్కింది. ఈ మూడే. రక్తం ఎటు పోతుందో, తిరిగి ఎలా వస్తుందో ఒక్కరూ చెప్పలేదు. ఒక అమ్మాయి మాత్రం చెయ్యెత్తి, "అంత పెద్ద గుండె నా ఛాతీలో ఎలా పట్టింది టీచర్?" అంది. తెర మీద అది గుమ్మడికాయంత ఉంది మరి. మన గుండె మన పిడికిలంత ఉంటుందన్న ముక్క నేను చెప్పనే లేదు. మొత్తం పాఠంలో సైన్సు అనదగింది ఆ పిల్ల ప్రశ్న ఒక్కటే, అదీ నా పొరపాటు వల్ల పుట్టింది.

మరుసటి ఏడాది అదే పాఠాన్ని తిరగేశాను. మొదటి రోజు ఫోను సంచిలోంచి తీయలేదు. మణికట్టు దగ్గర నాడి పట్టుకోవడం నేర్పాను. కూర్చుని అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేశారు. మైదానం రెండు చుట్లు పరుగెత్తి వచ్చి మళ్లీ లెక్కపెట్టారు. మొదట 90 వచ్చిన వాళ్లకు తర్వాత 130 దాటింది. "ఎందుకు పెరిగింది?" అని అడిగి, జవాబు చెప్పకుండా ఇంటికి పంపాను. ఇంట్లో నాన్నమ్మల, తాతయ్యల నాడి లెక్కపెట్టుకు రమ్మన్నాను. రెండో రోజు ఒంట్లో గుండె ఎక్కడ ఉంటుందో, ఎలా ఉంటుందో బొమ్మ గీయమన్నాను. దాదాపు అందరూ పెళ్లి శుభలేఖ మీద ఉండే ఆకారమే గీశారు, ఎడమ భుజం కిందకు అంటించి. అప్పుడు తీశాను ఫోను. "మీ బొమ్మకూ దీనికీ మూడు తేడాలు పట్టుకోండి" అన్నాను. చూపించింది నాలుగు నిమిషాలు. ఆ ఏడాది గుండె పాఠం మరచిన పిల్లలు ఇద్దరో ముగ్గురో. "నిద్రపోయినప్పుడు ఇది ఆగుతుందా?" అని అడిగిన పిల్లవాడు, మా జవాబు నమ్మక, నిద్రపోతున్న తమ్ముడి నాడి లెక్కపెట్టుకుని వచ్చాడు.

అందుకే నా పద్ధతి చాలా సాదా. ముందు ఊహ, తర్వాత చూపు, ఆపైన చేతి పని. ఊహించి కాగితం మీద పెట్టిన పిల్లకు తెరలో కనిపించేది తన పందెం ఫలితం. ఊహించకుండా చూసినవాడికి అది మరో కార్టూన్. ఈ వరుసలో ఏదైనా తగ్గించక తప్పని రోజు వస్తే చూపునే తగ్గించండి. ఊహను వదలకండి.

టాబ్‌లు తక్కువ ఉండటమే మేలు

వినడానికి వింతగా ఉంటుంది కానీ, పిల్లకో టాబ్ ఇస్తే గది నిశ్శబ్దమవుతుంది. ఎవరి తెర వారిది. నేను ఐదుగురికి ఒక ఫోను ఇస్తాను, అందులోనూ ఒక్కరే చూడాలి. పరికరాలు రెండే ఉంటే జట్లు వంతులవారీగా చూడొచ్చు. ఆ ఒక్కరు చూస్తూ మాటల్లో చెబుతుంటే, వీపు తిప్పి కూర్చున్న మిగతా నలుగురు బొమ్మ గీయాలి. చెప్పేవాళ్లు వేలితో చూపించకూడదు, "అది", "ఇది" అనకూడదు. "పైన రెండు గదులు, కింద రెండు గదులు, మధ్యలో గోడ" అని చెప్పి తీరాలి. గీసేవాళ్లు ప్రశ్నలు వేస్తారు. "గోడకు రంధ్రం ఉందా?" చూస్తున్న పిల్ల మళ్లీ చూసి, ఫోను తిప్పి, కింది నుంచి చూసి చెబుతుంది. ఏఆర్‌కు ఉన్న ఆ ఒక్క బలం, చుట్టూ తిరిగి చూడగలగడం, ఇక్కడ నిజంగా పనిలోకి వస్తుంది.

ఒక పిల్ల సంగతి చెప్పాలి. వలస వెళ్లే కుటుంబం, ఏడాదిలో సగం రోజులు బడిలో ఉండదు, ఉన్నప్పుడు నోరు విప్పదు. ఈ ఆటలో ఫోను ఆమె చేతికి వచ్చింది. తెలిసింది ఆమెకొక్కతికే, మిగతా నలుగురూ ఆమె మాట కోసం ఎదురుచూస్తున్నారు. చెప్పక తప్పలేదు. మొదటిసారి రెండు మాటలు, మూడోసారి గద్దిస్తూ చెప్పింది: "గుండ్రంగా కాదు, కోడిగుడ్డులాగా గీయి!" ఆ పిల్లలో కదలిక తెచ్చింది తెర మీది బొమ్మేనని నేను అనుకోను. తన మాట కోసం నలుగురు ఆగడం అని నా నమ్మకం. ఇంకో సంగతి, ఫోను ఎవరి చేతికి ఇవ్వాలో మీరే నిర్ణయించండి. వదిలేస్తే ప్రతిసారీ అదే ఇద్దరు మగపిల్లలు లాక్కుంటారు.

ఏ పాఠానికి వాడాలి, దేనికి వాడకూడదు

నా గీత ఇది: కంటికో, చేతికో అందనివాటికి మాత్రమే. ఒంటి లోపలివి, మరీ పెద్దవి, మరీ చిన్నవి, దగ్గరకు వెళ్లలేనివి. అగ్నిపర్వతం, గ్రహాలు, పుర్రె, చెవి లోపలి భాగం. బడి ఆవరణలో దొరికేదానికి ఏఆర్ వాడటం అంటే పెరట్లో కరివేపాకు పెట్టుకుని పొట్లం కొనడమే.

ఈ పోలిక ఊరికే రాలేదు. ఒకసారి సీతాకోకచిలుక జీవితచక్రం పాఠానికి యాప్ సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆ ఉదయం, బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క కరివేపాకు కోస్తూ, "టీచరమ్మా, ఆకులన్నీ పురుగులు తినేస్తున్నాయి" అంది. వెళ్లి చూస్తే నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగులు. చిన్నవి అచ్చం పిట్ట రెట్టలా ఉన్నాయి, పెద్దవి ఆకుపచ్చగా. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు చాచి ఘాటైన వాసన వదిలాయి. పిల్లలు ఆ కొమ్ముల దగ్గర వేసిన కేక నా గుండె బొమ్మకు కూడా వేయలేదు. రెండు పురుగులను గాజు సీసాలో పెట్టి, మూతకు రంధ్రాలు చేసి, రోజూ లేత ఆకు వేశాం. వంతులు వేసుకుని కాపలా కాశారు. ఆదివారం కూడా వచ్చారు. ఆ పాఠంలో ఫోను సంచిలోంచి బయటకు రానే లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ చంద్రుడి కళలు. ఇక్కడ ఏఆర్ లేకుండా నేను చాలా ఏళ్లు తంటాలు పడ్డాను. చంద్రుడు తరిగిపోవడానికి భూమి నీడ కారణమని పిల్లలే కాదు, మనలోనూ చాలామంది అనుకుంటారు. భూమి నీడ పడేది గ్రహణం రోజునే. మన పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో క్యాలెండరు, అందులో తిథి ఉంటాయి. అమావాస్య తర్వాతి విదియ నుంచి పౌర్ణమి వరకు రోజూ సంధ్యవేళ చంద్రుణ్ని చూసి, తిథి రాసి, ఆకారం గీయమంటాను. విదియ నాడు పడమట సన్నని నెలవంక, అష్టమికి నడినెత్తిన సగం, పౌర్ణమికి సూర్యుడు దిగుతుంటే తూర్పున నిండుగా లేస్తాడు. తర్వాత బహుళ అష్టమి రోజు ఉదయం ప్రార్థన అవగానే పడమటి ఆకాశం చూపిస్తాను. తొమ్మిది గంటల ఎండలో వెలవెలబోతూ సగం చంద్రుడు! "పగలు చంద్రుడా!" అని ఒకరి మీద ఒకరు పడి చూస్తారు.

ఇన్ని రోజుల బొమ్మలు చేతిలో ఉన్నాక ఏఆర్‌లో సూర్యుడు, భూమి, చంద్రుడు. పక్కన నిలబడి చూస్తే చంద్రుడిలో ఎప్పుడూ సగం వెలుగే. "ఇప్పుడు భూమి పక్కకు కెమెరా పెట్టి, అక్కడి నుంచి చంద్రుణ్ని చూడు" అంటాను. పిల్లవాడు మోకాళ్ల మీద కూర్చుని చూస్తాడు. తాను గీసిన నెలవంక కనిపిస్తుంది. చార్టులో ఈ పని జరగదు, వీడియోలో జరిగినా పిల్లవాడి ఒళ్లు కదలదు. ఆ మోకాళ్ల మీద కూర్చోవడం కోసమే ఈ సరంజామా అంతా.

అయితే ఇక్కడొక ప్రమాదం ఉంది. యాప్‌లు కొలతల్లో అబద్ధం చెబుతాయి. బల్ల మీద పట్టాలి కాబట్టి అన్నీ దగ్గర దగ్గరగా పెడతాయి. అందుకని చూపించిన రోజే దానికి విరుగుడు కూడా చేయాలి. 15 సెంటీమీటర్ల గుమ్మడికాయ భూమి అనుకోండి. చంద్రుడు 4 సెంటీమీటర్ల నిమ్మకాయ అవుతాడు. నిమ్మకాయను ఎంత దూరంలో పెట్టాలో అడగండి. అందరూ జానెడు, మూరెడు అంటారు. పెట్టవలసింది 4.5 మీటర్ల దూరంలో, దాదాపు గది ఆ చివర. మరి సూర్యుడు? 16 మీటర్లకు పైగా వెడల్పున్న గోళం, అంటే అయిదంతస్తుల మేడంత, సుమారు 1.75 కిలోమీటర్ల దూరంలో. మా ఊళ్లో అయితే చెరువు దాటి పక్క ఊరి పొలాల్లో. ఆ సాయంత్రం ఒక పిల్లవాడు సైకిలు మీద అక్కడిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి బడి కనిపిస్తుందేమోనని చూశాడట.

బహుమతిగా మాత్రం వాడకండి

"పాఠం శ్రద్ధగా వింటే చివర్లో టాబ్ చూపిస్తాను" అనే మాట నేనూ అన్నాను. అన్న వారంలోనే పాఠం కషాయమైంది, టాబ్ ఆ కషాయం తాగాక ఇచ్చే బెల్లం ముక్క అయింది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఉపాధ్యాయ శిక్షణలో చదివే ఉంటారు. బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టం ఉన్న చిన్న పిల్లలకు, గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే ఆశ చూపించారు. కొద్ది రోజుల తర్వాత, ఏమీ ఇవ్వని సమయంలో, ఆ పిల్లలు మునుపటికన్నా తక్కువ సేపు గీశారు. ఏ ఆశా చూపని పిల్లలు మామూలుగానే గీశారు. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే ఇష్టం తగ్గింది. టాబ్‌ను కూలిగా పెట్టినా అంతే.

ఏఆర్ ఉంటే చాలు, పిల్లలు చురుగ్గా ఉంటారన్నది కూడా నిజం కాదు. బ్రిటన్‌లో లుసిండా కెరవాలా బృందం పదేళ్ల పిల్లలకు భూమి, సూర్యుడు, చంద్రుడు పాఠాన్ని ఏఆర్‌తోనూ, మామూలు సామగ్రితోనూ చెప్పించి పోల్చింది. ఫలితం 2006లో వెలువడింది. ఏఆర్ తరగతిలోని పిల్లలే తక్కువగా పాలుపంచుకున్నారు. ఏఆర్ తెరను చూసి చెప్పమని పిల్లలను అడగడమే ఎక్కువైంది. మామూలు పాఠంలో వాళ్లు బంతులు పట్టుకుని తామే సూర్యుడూ భూమీ అయి తిరిగారు. ఇది చదివినప్పుడు నా మొదటి గుండె పాఠం కళ్ల ముందు మెదిలింది. నేనే ప్రదర్శన ఇచ్చాను, వాళ్లు ప్రేక్షకులు. బృందం చెప్పిన సూచనల్లో నాకు నచ్చింది, పాఠం అవసరాన్ని బట్టి ఉపాధ్యాయులే మార్చుకోగలిగేలా ఆ సామగ్రి ఉండాలన్నది. ఇప్పటి యాప్‌లలో చాలావాటికి ఇంకా ఆ గుణం రాలేదు.

ఇక చేతికి మట్టి అంటుకునే సంగతులు

నేల: నున్నటి తెల్ల టైల్స్ మీద, పాలిష్ చేసిన బండల మీద బొమ్మ నిలవదు, జారిపోతుంది. నేలలోని గుర్తులను బట్టే కెమెరా తన స్థానం తెలుసుకుంటుంది, నున్నటి నేలలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గళ్ల దుప్పటి, రంగుల చాప పరవండి. రూపాయి ఖర్చు లేదు, సగం తిప్పలు తీరతాయి.

వెలుతురు: మసక గదిలో పని చేయదు. కిటికీ ఎదురుగా పెట్టినా తెర కనిపించదు. కిటికీకి వీపు పెట్టి నిలబడండి. మార్కర్ కాగితాలను (కెమెరా గుర్తుపట్టి బొమ్మ లేపే అచ్చు కాగితాలను) లామినేషన్ చేయించకండి, నేను పాతిక చేయించి పారేశాను. ట్యూబ్‌లైటు మెరుపు పడి కెమెరాకు గుర్తు అందదు. మామూలు కాగితాన్ని అట్టకు అంటించండి.

వేడి: ఏఆర్ నడుస్తుంటే కెమెరా, ప్రాసెసర్ ఒకేసారి పనిచేస్తాయి. ఒంటిపూట బడుల నెలల్లో ఫోను పావుగంటకే చేతికి చురుక్కుమంటుంది, బ్యాటరీ కళ్ల ముందే దిగిపోతుంది. మొదటి పీరియడులో పెట్టుకోండి.

నెట్: బడిలో డౌన్‌లోడ్ చేసుకుందామనుకోవద్దు. ముందు రోజు ఇంట్లో దించి, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి నడుస్తుందో లేదో చూసుకోండి. సెట్టింగులలో యాప్‌ను పిన్ చేసే, అంటే అది తప్ప వేరేది తెరుచుకోకుండా చేసే, సదుపాయం ఉంటుంది. చేయకపోతే రెండు నిమిషాల్లో యూట్యూబ్‌లో ఉంటారు.

భాష: పేర్లన్నీ ఇంగ్లిషులో వస్తాయి, గొంతు కూడా ఎక్కడిదో. నేను శబ్దం తీసేస్తాను. మొదట వాళ్ల మాటల్లో "పై గది, కింది గది" అననిస్తాను. బొమ్మ పూర్తయ్యాకే కర్ణిక, జఠరిక. మీ పుస్తకం రెండు భాషల్లో ఉంటే ఇంగ్లిషు మాటను ఆ తర్వాత ఎదుటి పేజీలో వాళ్లే వెతుక్కుంటారు.

యాప్‌ల పేర్లు అడిగారు. చిన్న పిల్లలకు క్వివర్ బాగుంటుంది. అచ్చువేసిన బొమ్మకు పిల్లవాడు రంగులు వేసి కెమెరా చూపిస్తే, వాడు వేసిన రంగులతోనే బొమ్మ లేస్తుంది. నీలం అగ్నిపర్వతం వేసినవాడికి నీలం అగ్నిపర్వతమే. అది తనదన్న భావన వస్తుంది. కొన్ని పేజీలకు డబ్బు కట్టాలి, చూసుకోండి. మెర్జ్ క్యూబ్ చేతిలో పట్టుకుని తిప్పే ఘనం, అంతర్భాగాలు చూపించడానికి బాగా పనికొస్తుంది. అందులోనూ పూర్తి సరంజామాకు చందా ఉంటుంది. కానీ ఏ యాప్‌తోనూ మీ పాఠ్య ప్రణాళికను ముడిపెట్టకండి. గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ చుట్టూ చాలామంది పాఠాలు అల్లుకున్నారు, 2021 జూన్‌లో దాన్ని మూసేశారు. ప్రణాళికలో "గుండె లోపలి గదులను చుట్టూ తిరిగి చూడటం" అని రాసుకోండి, యాప్ పేరు పెన్సిలుతో రాసుకోండి.

పిల్లల పేర్లతో ఖాతాలు తెరవకండి, వాళ్ల ముఖాలు పడేలా రికార్డు చేయకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. మీ ఖాతా ఒక్కటి చాలు.

ఆసక్తి పెరిగిందో లేదో తెలుసుకోవడానికి "నచ్చిందా?" అని మాత్రం అడగకండి. 28 చేతులు లేస్తాయి. నా తరగతిలో పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంది, ప్రశ్నల డబ్బా. ఎవరైనా చీటీ రాసి వేయొచ్చు. ఏఆర్ చూపించిన మర్నాడు అందులో "ఆ యాప్ పేరేమిటి?" అనే చీటీలు ఎక్కువుంటే నా పాఠం తప్పింది. "చేపకు నాడి ఎక్కడ పట్టుకోవాలి?" అనే చీటీ ఒక్కటున్నా ఆ రోజుకు చాలనుకుంటాను.

డబ్బు సంగతి

దాతగారితో ఇలా మాట్లాడి చూడండి. ఐదు చౌక టాబ్‌ల బదులు రెండు మంచివి అడగండి. చౌక టాబ్‌లలో చాలావాటికి గైరోస్కోప్ (పరికరం ఎటు తిరిగిందో పసిగట్టే భాగం) ఉండదు, నేల మీద బొమ్మ నిలబెట్టే యాప్‌లు వాటిలో నడవవు. ఆండ్రాయిడ్ పరికరాల్లో ఈ పని చేసేది గూగుల్ వారి ఏఆర్‌కోర్ సాఫ్ట్‌వేర్. ఏ మోడళ్లలో నడుస్తుందో వారే జాబితా ప్రకటిస్తారు. దుకాణదారు మాట నమ్మకుండా మోడల్ పేరు పట్టుకుని అందులో వెతకండి.

మిగిలిన డబ్బుతో పిల్లకొక భూతద్దం, నాలుగైదు ఫోల్డ్‌స్కోపులు కొనిపించండి. ఫోల్డ్‌స్కోప్ అంటే మడతపెట్టి చేసుకునే కాగితపు సూక్ష్మదర్శిని. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం రూపొందించింది, సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. చెరువు నీటి చుక్క పెట్టి, దాని మీద ఫోను కెమెరా ఆనించండి. లోపల ఈదుతున్నదాన్ని చూసి పిల్లలు "ఇది నిజమా, యాప్‌లోదా?" అని అడుగుతారు. మా వాళ్లు అడిగారు. నిజమే అని చెప్పాక పదిహేను రోజులు నీళ్ల సీసాలతోనే బడికి వచ్చారు. పశువుల తొట్టి నీళ్లు, కుళాయి నీళ్లు, ఒకడైతే గుడి కోనేటి నీళ్లు.

దాతకు ఐదు టాబ్‌లు ఇచ్చి ఫొటో దిగాలని ఉంటే కాదనకండి, ఊరి పిల్లల మీద ప్రేమతోనే అడుగుతున్నారు. మొదట ఒక్కటే తెప్పించమనండి. దాన్ని మీ గదిలో, మీ నేల మీద, మధ్యాహ్నం మూడు గంటల ఎండవేళ, 28 మంది చుట్టూ ఉండగా ఒకసారి నడిపి చూడండి. నడిస్తే రెండోది. ఆ పరీక్షకు గళ్ల దుప్పటి తీసుకెళ్లడం మరచిపోకండి. ఏ యాప్‌తో చూశారో, ఎక్కడ ఆగిందో ఇక్కడే రాయండి, నాకు తెలిసినంతలో చెబుతాను.